ఆకాశాన్ని అడిగే పిల్లలు

ఆకాశం వంక చూడడం అనంతపురం సీమవాళ్ళకు ఒకరు నేర్పవలసిన విద్య కాదు. మృగశిర కార్తె వచ్చిందంటే తల పైకెత్తుతారు. ఆరుద్రకూ దించరు. పునర్వసు కూడా వట్టిపోతే విత్తనపు వేరుశనగ మూటను మళ్ళీ మూలకు చేరుస్తారు. కదిరికీ పుట్టపర్తికీ నడుమనున్న నల్లమాడ ఆ సీమలోదే. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టినప్పుడు అది శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్ళింది గాని, వాన మాత్రం పాత అనంతపురం వానే. సాలుకు 550 మిల్లీమీటర్ల ప్రాంతం. దేశంలో వాన తక్కువ పడే జిల్లాల్లో అనంతపురం ఒకటని బడి పుస్తకాల్లోనే చదువుకుంటూ పెరిగిన సీమ అది.

అటువంటి ఊళ్ళో బడికి పోయే పిల్లవాడికి ఆకాశాన్ని గురించి సందేహాలు రాకుండా ఎట్లా ఉంటాయి? జూన్, జూలై నెలల్లో మబ్బులు నల్లగా కమ్ముకొస్తాయి. గాలి లేస్తుంది. ఒక్క చుక్క రాలదు. మబ్బులు అట్లాగే తూర్పుగా సాగిపోతాయి. ‘మా ఊరి మీద ఎందుకు ఆగవు?’ అని వాడు అయ్యవారినే అడుగుతాడు. ఇంకొకటి కూడా అడుగుతాడు. ‘ఆరుద్ర కార్తె అంటారు గదా, ఆ కార్తెలో ఆరుద్ర నక్షత్రం ఏ మూల వెతికినా కనపడదేం?’

ఈ రెండూ లండనులో పిల్లవాడు అడగగల ప్రశ్నలు కావు. ఢిల్లీలో పిల్లవాడు కూడా అడగడు. సేద్యగాళ్ళ ఇంట పుట్టి, కార్తెల లెక్క వింటూ పెరిగినవాడే అడగాలి. అయ్యవారికి తెలిస్తే చెబుతారు. తెలియకపోతే ఆ సందేహం అక్కడితో సరి. వాడు పెద్దవాడవుతాడు, సందేహం పడటం మానేస్తాడు.

ఆ సందేహాన్ని బడిగదిలోంచి తిన్నగా రోదసీ శాస్త్రజ్ఞుడి బల్ల మీదికి చేర్చే ఉపాయాలు ఇప్పుడు కొన్ని వచ్చాయి. వాటిలో చాలా సులువైనదీ, అంతగా పేరు పడనిదీ లైవ్ చాట్. బొమ్మ లేదు, గొంతు లేదు. ఇక్కడ బడిలో కంప్యూటరు ముందు పిల్లలు కూర్చుని ప్రశ్న కొడతారు. శాస్త్రజ్ఞుడు తన ప్రయోగశాలలోనే కూర్చుని జవాబు కొడతాడు. ప్రశ్నా జవాబూ ఒకదాని కిందొకటి తెర మీద పేరుకుంటాయి. బ్రిటన్‌లో 2008లో ఈ పద్ధతిని బడులకు తెచ్చారు. ‘అయామ్ ఎ సైంటిస్ట్’ అని మొదలయ్యే ఓ తమాషా పేరు దానికి. శాస్త్రజ్ఞులు కొందరు తమను గురించి నాలుగు ముక్కలు రాసి పెడతారు, పిల్లలు చదువుతారు, ఆపైన ముఖాముఖీ అడుగుతారు. చివర తమకు నచ్చిన శాస్త్రజ్ఞుడికి పిల్లలే ఓటు వేస్తారు. నెగ్గినవారికి చిన్న బహుమానం ఉంటుంది. దాన్ని మళ్ళీ ఇలాంటి పనికే ఖర్చు చేయాలి. పరీక్ష పెట్టేది ఎప్పుడూ పెద్దలే అయిన లోకంలో, పిల్లలు పండితులకు మార్కులు వేయడం నాకు భలే ముచ్చటగా తోచింది.

బొమ్మ లేకపోవడం లోపమనుకోకండి. తరగతిలో చెయ్యెత్తి నిలబడి అడగాలంటే ఎందరు లేస్తారు? ముందు వరసలో ఇద్దరు ముగ్గురు. వెనక బల్ల మీద కూర్చున్న ఆడపిల్ల, నాలుగేళ్ళుగా నోరు విప్పనిది, అక్షరాల్లో అయితే అడుగుతుంది. అది ఎవరు అడిగిందీ పక్కవాళ్ళకు తెలియదు, నవ్వరు. ఇంకో లాభం, అక్షరాలకు పెద్ద నెట్టు అక్కర లేదు. బొమ్మ ఆగి ఆగి కదిలే చోట కూడా నాలుగు మాటలు దాటిపోతాయి.

ఇక్కడ కొంచెం వెనక్కు పోవాలి. మన తెలుగు బడిపిల్లలకు రోదసితో చుట్టరికం ఈనాటిది కాదు.

1975 ఆగస్టు 1న మన దేశంలో ఓ పెద్ద ప్రయోగం ఆరంభమైంది. అమెరికావారు తమ ఏ.టి.ఎస్.-6 ఉపగ్రహాన్ని ఓ ఏడాది పాటు మనకు ఎరువిచ్చారు. దాన్ని భూమికి 36 వేల కిలోమీటర్ల ఎత్తున, మనకు కనపడేటట్టు జరిపి నిలిపారు. ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 పల్లెల్లో టెలివిజన్ పెట్టెలు పెట్టారు. ఆ రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. అనంతపురం దాకా రాలేదు గాని, పొరుగున ఉన్న కర్నూలు జిల్లా పల్లెలకూ, తెలంగాణలో మహబూబ్‌నగర్, మెదక్, హైదరాబాదు జిల్లాల పల్లెలకూ వచ్చింది. కరెంటు స్తంభం కూడా సరిగా చూడని ఊళ్ళు కొన్ని. బడి ఆవరణలోనో, పంచాయితీ ఆఫీసు మిద్దె మీదనో మూడు మీటర్ల వెడల్పు గొడుగును పైకి తిప్పి పెట్టారు. ఆ గొడుగు దేనితో చేశారనుకున్నారు? కోళ్ళగూళ్ళకు కట్టే ఇనుప వలతో! రోదసి నుంచి వచ్చే అలలను పట్టడానికి అది చాలింది.

పొద్దున పూట గంటన్నర పిల్లలకు. హిందీ, కన్నడం, ఒరియా, తెలుగు – భాషకు ఇరవైరెండున్నర నిమిషాలు. అంటే 1975లో ఓ కర్నూలు పల్లె పిల్లవాడు, సినిమా హాలు చూశాడో లేదో గాని, రోదసి నుంచి దిగివచ్చే తెలుగు పాఠం మాత్రం చూశాడు. సాయంత్రం రెండున్నర గంటలు పెద్దలకు. పంటలూ, ఆరోగ్యమూ, ఆటలూ పాటలూ. 1976 జూలై 31తో గడువు తీరింది. ఎరువిచ్చినవారు ఉపగ్రహాన్ని వెనక్కు జరుపుకొన్నారు.

ఆ ప్రయోగాన్ని మెచ్చుకోనివారు లేరు. అయితే అందులో ఒక్కటే లోటు. అలలు కిందికి వచ్చేవే గాని పైకి పోయేవి కావు. పెట్టెలో మనిషి మాట్లాడేవాడు, పిల్లలు వినేవారు. ‘ఎందుకండీ?’ అని పెట్టెను అడిగితే పెట్టె ఏం చెబుతుంది?

ఈ లోటు బాగా ఎరిగినవాడు ఆ ప్రయోగాన్ని నడిపించిన యశ్‌పాల్‌గారే కాబోలు. అప్పట్లో ఆయన అహమ్మదాబాదులో రోదసీ ప్రయోజనాల కేంద్రానికి డైరెక్టరు. తరవాతి కాలంలో, 1991 నుంచి దూరదర్శన్‌లో ‘టర్నింగ్ పాయింట్’ అనే కార్యక్రమంలో ఆయన దేశమంతటినుంచీ ఉత్తరాల్లో వచ్చిన సందేహాలకు జవాబులు చెప్పేవారు. పెద్ద విశ్వకిరణ శాస్త్రజ్ఞుడు, తెల్లని జుట్టు, నవ్వుముఖం. ప్రశ్న ఎంత చిన్నదైనా దాన్ని తాను కూడా మొదటిసారి వింటున్నట్టు ఆలోచించేవారు. అదే అసలైన చాట్. కాకపోతే పోస్టుకార్డు వేగంతో నడిచింది.

1984 ఏప్రిల్‌లో రాకేశ్ శర్మ సోవియట్ వారి సల్యూట్-7 కేంద్రం నుంచి మాట్లాడినప్పుడు, అడిగింది ఇందిరాగాంధీగారు. దేశమంతా విన్నది, ఒకరే అడిగారు. 2004 సెప్టెంబరు 20న శ్రీహరికోట నుంచి విద్య కోసమే ఎడ్యుశాట్ అనే ఉపగ్రహాన్ని పంపారు. 2010లో దాని పని ముగిసింది. దానితో దూరాన ఉన్న తరగతికి పాఠం చెప్పడమే గాక తిరిగి అడిగే వీలు కూడా కల్పించారు. కాని ఎక్కువగా నడిచింది పాఠాలే.

పిల్లలే అడిగి, రోదసిలో ఉన్న మనవాడే జవాబు చెప్పిన రోజు 2025లో వచ్చింది. ఆ జూన్ 25న శుభాంశు శుక్లా బయలుదేరి, మర్నాడు అంతర్జాతీయ రోదసీ కేంద్రం చేరాడు. జూలై తొలి వారంలో లక్నో, తిరువనంతపురం పిల్లలు అతనితో మాట్లాడారు. బెంగుళూరులో పిల్లలు హామ్ రేడియో మీద మాట్లాడారు. ఆ తరవాత షిల్లాంగు వంతు. పిల్లలు ఏమడిగారు? అక్కడ ఏం తింటారు, ఎట్లా నిద్ర పోతారు, జబ్బు చేస్తే ఎట్లా? అతను చెప్పాడు: ఇక్కడ నేలా లేదు, పైకప్పూ లేదు, కొందరు గోడకు, కొందరు కప్పుకు కట్టుకొని పడుకుంటారు. క్యారెట్ హల్వా, పెసరపప్పు హల్వా, మామిడిరసం తెచ్చుకున్నామని కూడా చెప్పాడు.

హామ్ రేడియో సంగతి కొంచెం చెప్పాలి. ఇది అభిరుచి కొద్దీ రేడియో నడుపుకొనేవారి విద్య. రోదసీ కేంద్రం భూమికి 400 కిలోమీటర్ల ఎత్తున గంటకు 28 వేల కిలోమీటర్ల వేగంతో పరుగెత్తుతుంది. ఒక ఊరికి అది దిక్చక్రం మీద పొడిచి మళ్ళీ కుంకేలోగా ఉండే వ్యవధి పది నిమిషాలే. ఆ పది నిమిషాల్లోనే అన్ని ప్రశ్నలూ. ఒకరు మాట్లాడుతుంటే రెండోవారు ఆగాలి, మాట ముగియగానే ‘ఓవర్’ అనాలి. 2000 డిసెంబరులో అమెరికాలో ఇలినాయ్ రాష్ట్రపు బడి ఒకటి మొదలుపెట్టింది మొదలు, లోకమంతటా ఎన్నో బడులు ఈ పద్ధతిలో రోదసిని పలకరించాయి. ఆ కేంద్రం మన నల్లమాడ మీదుగా కూడా పోతుంది. పొద్దు గుంకిన కాసేపటికో, తెల్లవారుజామునో, కొన్ని రోజుల్లో కదిలే చుక్కలాగా మిద్దె మీద నుంచే కనపడుతుంది.

బెంగుళూరు పిల్లలు రేడియో ముందు కూర్చున్న ఆ కేంద్రానికి యు.ఆర్. రావుగారి పేరు. మన ఉపగ్రహాలు తయారయ్యేది అక్కడే. 1975 ఏప్రిల్ 19న సోవియట్ దేశం నుంచి పైకెగిరిన మన మొదటి ఉపగ్రహం ‘ఆర్యభట’ను చేయించింది ఆయనే. పుట్టింది ఉడుపి పక్కన. బి.ఎస్‌సి. చదివింది ఎక్కడో తెలుసా? అనంతపురం ఆర్ట్సు కాలేజీలో! 1950 ప్రాంతాల మాట. కరువు సీమ కాలేజీలో భౌతికశాస్త్రం చదివిన కుర్రవాడు కాశీ వెళ్ళి, ఆపైన అహమ్మదాబాదులో విక్రమ్ సారాభాయి దగ్గర పరిశోధన చేసి, దేశానికి ఉపగ్రహం కట్టిపెట్టాడు. ఆయనా, ఇందాక చెప్పిన యశ్‌పాల్‌గారూ పోయింది ఒకటే రోజు, 2017 జూలై 24న. ఒకరు పైకి పంపే యంత్రాన్ని చేశారు, ఇంకొకరు దానితో పల్లెలకు పాఠం చెప్పారు.

ఇప్పుడు ఒకటి గమనించండి. 1975లో కర్నూలు పల్లెకు రోదసి నుంచి తెలుగు వచ్చింది. కాని అడిగే వీలు లేదు. 2025లో పిల్లలకు అడిగే వీలు దొరికింది. అయితే మాటలు నడిచింది హిందీలో, ఇంగ్లీషులో. యాభై ఏళ్ళలో రెండూ కలిసిన రోజు మన పల్లె బడికి రాలేదు. నల్లమాడ పిల్లకు దొరకవలసింది ఆ రెండూ కలిసిన అరగంట.

దానికి వ్యోమగామి కావాలా? అక్కర లేదంటాను. ఎవరో రోదసికి పోయి వచ్చేదాకా, మన ఊరికి వంతు వచ్చేదాకా ఎదురుచూడడం, ఆరుద్ర కోసం ఎదురుచూడడం వంటిదే. శాస్త్రజ్ఞులు ఇంకా దగ్గర్లో ఉన్నారు. నల్లమాడ నుంచి ఇంచుమించు సూటిగా తూర్పుకు పోతే శ్రీహరికోట. ఆగ్నేయంగా, తిరుపతికి ఇవతల గాదంకి. ఈ గాదంకిని ఎరిగినవారు తక్కువ. అక్కడ రోదసీ శాఖవారి వాతావరణ పరిశోధనాలయం ఉంది. ఎకరాల పొడుగున ఒక మైదానం, అందులో వరసలుగా పాతిన 1,024 యాంటెన్నాలు. చూస్తే మల్బరీ తోటకు ఇనుప కొయ్యలు నాటారా అనిపిస్తుంది. అవి కలిసి ఒక పెద్ద రాడారు. ఇది విమానాలను పట్టే రాడారు కాదు. రేడియో అలలను నిటారుగా పైకి పంపి, గాలిలోని సుడులకు తగిలి తిరిగొచ్చే అతి సన్నని ప్రతిధ్వనిని వింటుంది. మబ్బు లేకపోయినా సరే, ఏ ఎత్తున గాలి ఎటు, ఎంత వేగంతో వీస్తున్నదీ చెబుతుంది.

మన పిల్లవాడి మొదటి ప్రశ్నకు జవాబు చెప్పవలసినవారు వీరే గదా. నైరుతి గాలి అరేబియా సముద్రం నుంచి నీరు మోసుకొస్తుంది. పడమటి కనుమలు అడ్డుతగులుతాయి. ఎక్కే గాలి చల్లబడి ఆవలి వైపే, కన్నడ, మళయాళ తీరాల మీద, నీరంతా దింపేస్తుంది. కనుమ దాటి దిగే గాలిలో తడి తక్కువ, వేడి ఎక్కువ. కనుమల వాన నీడలో పడింది అనంతపురం. కిలోమీటరున్నర ఎత్తున పడమటి నుంచి తూర్పుగా జోరుగాలి, అదే నల్లమాడ మబ్బులను తోలుకుపోయేది. తమాషా ఏమిటంటే, పదిహేను కిలోమీటర్ల ఎత్తున ఇదే రోజుల్లో గాలి సరిగ్గా ఎదురుగా, తూర్పు నుంచి పడమటికి పరుగెత్తుతుంది. మన తల మీద రెండు గాలులు రెండు దిక్కులకు! ఇక ఈశాన్యపు వానలు వచ్చేసరికి తీరంలో నెల్లూరు తడుస్తుంది, ఇంత లోపలికి వచ్చేది కొసరే. ఉన్న వానలో పెద్ద పాలు సెప్టెంబరు, అక్టోబరుల్లో పడుతుంది, అప్పటికి వేరుశనగ చాలాచోట్ల వాడిపోయి ఉంటుంది.

ఇటువంటి జవాబు విన్న పిల్లవాడు ఊరుకోడు. ‘మరి, చంద్రుడి మీద నీళ్ళున్నాయని కనుక్కున్నారు, మా బోరులో ఎన్ని అడుగుల కిందున్నాయో చెప్పలేరా?’ అంటాడు. అది ఎగతాళి కాదు, న్యాయమైన ప్రశ్న. 2008 అక్టోబరులో శ్రీహరికోట నుంచి వెళ్ళిన చంద్రయాన్-1 చంద్రుడి మీద నీటి జాడలను చూసిన మాట నిజం. దానిమీది యంత్రం వెలుతురును రంగులుగా విడదీసి, పైపొరలో తడి గుర్తు పట్టింది. పైపొరలోనే. వందల అడుగుల రాతి కింద పగుళ్ళలో దాగిన నీటిని ఆ కన్ను చూడలేదు. అంచేత ఉపగ్రహాలు భూమి మీద రాతిబీటలూ, పాతవాగుల జాడలూ చూపించి ‘ఇక్కడ ఉండవచ్చు’ అనగలవే గాని, ఇన్ని అడుగులని చెప్పలేవు. శాస్త్రజ్ఞుడు ‘చెప్పలేం, ఇందుచేత చెప్పలేం’ అని ఒక్క పిల్లవాడితో నిజాయితీగా అంటే, వాడికి శాస్త్రమంటే ఏమిటో తెలుస్తుంది.

చిక్కులు లేవని కాదు. మొదటిది, తెలుగు కొట్టడం. పిల్లలకు తెలుగు అక్షరాల మీట అలవాటు లేదు. ఫోనుల్లో ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసుకొంటారు. రానివ్వండి! గాదంకిలో కూర్చున్న తెలుగువాడికి అది అర్థం కాకపోదు. ఇప్పుడు నోటితో చెబితే అక్షరాలుగా మార్చే ఫోనులూ ఉన్నాయి. యంత్రాల కొరత కూడా ఒకప్పటంత లేదు. 2022 డిసెంబరులో ప్రభుత్వం ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబులు పంచింది, మరుసటి ఏడు చాలా బడుల్లో గోడకు పెద్ద తెరలు బిగించారు. వాటిలో నడిచేది తిరిగీ పాఠమే. మాట్లాడే పెట్టె, వినే పిల్లలు. 1975లో ఇనుపవల గొడుగు కింద జరిగినదానికీ దీనికీ నాకు పెద్ద తేడా కనపడదు, రంగులు పెరిగాయి అంతే.

అసలు చిక్కు ప్రశ్నలను సిద్ధం చేయడంలో ఉంది. వారం ముందు నుంచీ అయ్యవారో, టీచరమ్మో పిల్లలను కదిలించాలి. లేకపోతే మొదటి పదిహేను నిమిషాలూ ‘హలో సార్’, ‘మీ జీతమెంత?’ తోనే గడుస్తాయి. (జీతం అడగడం తప్పని నేననను. శాస్త్రజ్ఞుడికి జీతం వస్తుందని తెలియడం కూడా కరువు సీమలో ఓ సమాచారమే.) కొందరు అయ్యవార్లు పిల్లలు తప్పు ప్రశ్న వేస్తారేమోనని తామే ఇంగ్లీషులో రాసిచ్చి చదివిస్తారు. అట్లా అయితే ఆ అరగంట దండుగ. ‘నా ప్రశ్న కాదు’ అని పిల్లకు తెలుసు, ‘ఈ పిల్ల ప్రశ్న కాదు’ అని శాస్త్రజ్ఞుడికీ తెలుసు.

మన రోదసీ సంస్థవారు తలుపు తీయలేదనడానికి లేదు. 2019 జనవరి 1న ‘విద్యార్థులతో సంవాదం’ ఆరంభించారు. బెంగుళూరులో ఎంపికైన పిల్లలు సంస్థ అధ్యక్షుడితోనే కూర్చుని అడిగారు. అదే ఏడు తొమ్మిదో తరగతి పిల్లల కోసం ‘యువిక’ అనే సెలవుల బడి పెట్టారు. మొదట్లో రాష్ట్రానికి ముగ్గురు చొప్పున తీసుకున్నారు. ఏటా అక్టోబరు 4 నుంచి 10 దాకా ప్రపంచ రోదసీ వారం, శ్రీహరికోటవారు నమూనాలు మోసుకొని ఊళ్ళకు వస్తారు. ఇవన్నీ మంచివే. కాని సభలో వెనక వరస పిల్లకు మైకు అందదు. ఎంపికలో మొదటి మార్కులవాళ్ళే పోతారు. మబ్బులను గురించి మండిపడే పిల్లవాడికి లెక్కల్లో నలభై మార్కులు వచ్చి ఉండవచ్చు. కంప్యూటరు మీది అరగంటకు ఎంపిక లేదు, బస్సు ఛార్జీ లేదు.

ఇక ఆరుద్ర సంగతి మిగిలింది. ఆ ప్రశ్నకు శాస్త్రజ్ఞుడు ముందు ఎదురు ప్రశ్న వేస్తాడనుకుంటాను. ‘కార్తె అంటే ఏమిటి?’ సూర్యుడు ఏ నక్షత్రం దగ్గర ఉంటే ఆ కార్తె. జూన్ 22 ప్రాంతాన సూర్యుడు ఆరుద్ర దిక్కున ఉంటాడు. అంటే ఆ చుక్క పగలంతా సూర్యుడితో కలిసే ఆకాశంలో నడుస్తుంది, సూర్యుడితోనే అస్తమిస్తుంది. రాత్రికి మిగలదు. పిల్లవాడి తాతలకు ఈ లెక్క వచ్చు, చుక్క ఏదో మటుకు చాలామంది మరిచారు. అది ఎర్రని పెద్ద నక్షత్రం, ఇంగ్లీషువారు బీటిల్‌జూస్ అంటారు. 2019 చివర్లో అది ఉన్నట్టుండి మసకబారింది. 2020 ఫిబ్రవరి నాటికి మామూలు కంటికే తెలిసేటంత తగ్గింది. పేలిపోతుందేమోనని లోకంలో ఖగోళజ్ఞులు దుర్భిణులు తిప్పారు. చివరికి అది కక్కిన ధూళి మేఘమే దాన్ని కమ్మిందని తేల్చారు. తరవాత మళ్ళీ కాంతి పుంజుకొంది. ఆరుద్రకూ మబ్బు పట్టిందన్నమాట, అక్కడా వాన పడలేదు.

చూడాలనుకునే పిల్లలు కార్తె దాకా ఆగనక్కర లేదు. అక్టోబరు మొదట్లో అయితే రాత్రి పదకొండు ప్రాంతానికి గాని తూర్పున రాదు. సంక్రాంతి రోజుల్లో పొద్దు గుంకి చీకటి పడగానే మిద్దె ఎక్కి తూర్పుకు తిరిగితే, ఒక వరసలో మూడు చుక్కలు కనపడతాయి. వాటికి ఎడమగా, కాస్త ఎర్రగా మెరిసేదే ఆరుద్ర.